డార్క్ థీమ్ (నల్లటి స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు) పెడితే కళ్లకు నిజంగా మంచిదా?

అందరికీ కాదు. తెల్లటి స్క్రీన్ చూసేటప్పుడు వెలుతురుకు కంటిపాప చిన్నదవుతుంది, దాంతో అక్షరాల అంచులు పదునుగా కనిపిస్తాయి. నల్లటి స్క్రీన్ ముందు అదే కంటిపాప విచ్చుకుంటుంది, చూపులో ఉన్న చిన్న లోపాలూ బయటపడతాయి. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేక చూపు మసకబారే లోపం) ఉన్నవాళ్లలో చాలామందికి నలుపు మీద తెల్ల అక్షరాలు అలుక్కుపోయినట్టు అనిపించేది అందుకే. నన్నడిగితే, చిన్న సైజులో తెలుగు వత్తులు చదవడానికి లైట్ థీమే నయం.

గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ ముగించుకుని, లైటు తీసేసిన గదిలో ఫోన్ చూసేవాళ్లకు మాత్రం డార్క్ హాయిగా ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ట్యాంక్‌బండ్ మీద అదే ఫోన్ తీస్తే మెసేజ్ బదులు మన మొహమే కనిపిస్తుంది!

బ్యాటరీ సంగతంటారా, ఓఎల్ఈడీ స్క్రీన్‌లో పూర్తి నలుపు ఉన్నచోట పిక్సెల్ వెలగదు కాబట్టి కొంత ఆదా. మామూలు ఎల్‌సీడీలో వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది, పెద్దగా తేడా రాదు.

2019లో ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 వచ్చినప్పటి నుంచి ఫోన్ మొత్తానికి కలిపి డార్క్ పెట్టుకునే వీలుంది. పొద్దుగూకాక దానంతటదే మారేలా కూడా పెట్టుకోవచ్చు, నేను వాడేది అదే. కళ్లు మండుతుంటే మాత్రం థీమ్ జోలికి వెళ్లే ముందు బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి.