ఇమ్యునోథెరపీ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్: చేరేముందు ఏం తెలిసుండాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి కావస్తోంది. క్యాన్సర్ ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స) ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరాలనుంది. అక్కడ రోజూ చేసే పనేమిటి? ఏం నేర్చుకుని వెళ్లాలి? తర్వాత పీహెచ్‌డీకి కలిసొస్తుందా?

జవాబు: 2017లో అమెరికాలో మొదటి కార్-టీ చికిత్సకు (టీ కణాలనే తెల్లకణాలకు క్యాన్సర్‌ను గుర్తించే 'కార్' జన్యువు ఎక్కించి రోగికి ఇవ్వడం) అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది క్యాన్సర్ ఇమ్యునోథెరపీ పరిశోధనకు జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ దక్కింది. అప్పటినుంచి ఈ రంగమంటే విద్యార్థుల్లో మోజు బాగా పెరిగింది. కానీ అసిస్టెంట్ రోజులో సింహభాగం కణాలను బతికించుకోవడానికే పోతుంది. ఆ ఓపిక ఉంటేనే చేరండి.

చాలా ల్యాబుల్లో పని రక్తంతో మొదలవుతుంది. రక్తంలో అంతే పరిమాణం పీబీఎస్ (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) కలుపుతారు. 50 మి.లీ. ట్యూబులో 15 మి.లీ. ఫైకాల్ (రక్తకణాలను సాంద్రతను బట్టి వేరుచేసే చిక్కటి ద్రవం) పోసి, దానిపైన 30–35 మి.లీ. పలచబరిచిన రక్తాన్ని గోడ వెంట మెల్లగా జారవిడుస్తారు. గది ఉష్ణోగ్రతలో, 400 జీ బలంతో (గురుత్వాకర్షణకు 400 రెట్లు) 30 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ తిప్పాలి. బ్రేక్ ఆపి ఉంచాలి. కొత్తవాళ్లు మరిచిపోయేది సరిగ్గా దీన్నే. యంత్రం ఒక్కసారిగా ఆగితే పొరలు కలిసిపోయి మొదటికే మోసం వస్తుంది. అన్నీ సరిగ్గా జరిగితే ప్లాస్మాకూ ఫైకాల్‌కూ మధ్య పలచని తెల్లటి పొర కనిపిస్తుంది. మనకు కావలసిన తెల్లకణాలు, అంటే లింఫోసైట్లు (టీ కణాలు వీటిలోవే), మోనోసైట్లు అందులోనే ఉంటాయి. ఫైకాల్ ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనంతోనే ఉంటే ఎర్రకణాలు ఆ పొరలో చేరతాయి. రక్తం తీసి ఒకరోజు దాటితే గ్రాన్యులోసైట్లు (మనకు అక్కర్లేని మరో రకం తెల్లకణాలు) కూడా అక్కడే తేలతాయి.

తర్వాత లెక్కింపు. 10 మైక్రోలీటర్ల కణాలకు 10 మైక్రోలీటర్ల ట్రిపాన్ బ్లూ రంగు కలిపి, గళ్లున్న లెక్కింపు పలక (హీమోసైటోమీటర్) మీద చూస్తే చచ్చినవి నీలంగా కనిపిస్తాయి. పెద్ద గడికి సగటున 60 బతికిన కణాలుంటే, 60 × 2 (రంగుతో సగానికి పలచబడింది కాబట్టి) × 10,000 (గడి నుంచి మి.లీ.కి మార్చడానికి), అంటే మి.లీ.కి 12 లక్షలు. చిన్న లెక్కే. కానీ ఇక్కడ పొరపాటు పడితే వారం తర్వాత వచ్చే ఫలితం కూడా తప్పే.

టీ కణాలను యాంటీ-సీడీ3, సీడీ28 పూసల్తో (టీ కణాల మీది ఆ ప్రొటీన్లకు అంటుకునే యాంటీబాడీలు పూసినవి) ఉత్తేజపరిచాక రెండు మూడు రోజులకోసారి తాజా మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం), ఐఎల్-2 (టీ కణాలను పెంచే ప్రొటీన్) ఇవ్వాలి. అది ఆదివారమైనా తప్పదు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా బెడద ఇంకో తలనొప్పి. అది సోకినా మీడియం మసకబారదు, మామూలు మైక్రోస్కోపుకు చిక్కదు. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌నూ దాటగలదు. అందుకే కొత్త సెల్ లైన్ (ల్యాబ్‌లో నిరంతరం పెంచే ఒకే రకం కణాలు) వస్తే విడిగా ఉంచి, పీసీఆర్‌తో మైకోప్లాస్మా లేదని చూశాకే మిగతావాటితో కలపాలి.

ఇంటర్వ్యూలో ఎక్కువమంది తడబడేది కంట్రోళ్ల (పోల్చి చూడటానికి పెట్టే నమూనాలు) దగ్గర. కార్-టీ కణాలు క్యాన్సర్ కణాలను చంపుతున్నాయని చూపాలనుకోండి. ప్లేటులోని ఒక్కో గుంటలో (వెల్) 10 వేల క్యాన్సర్ కణాలు వేసి, టీ కణాలను 1:1, 5:1, 10:1 నిష్పత్తుల్లో కలుపుతారు. క్యాన్సర్ కణాలు తమంతట తామే ఎన్ని చస్తాయో, డిటర్జెంట్‌తో అన్నింటినీ చంపితే ఎంత సంకేతం వస్తుందో చూడటానికి వేర్వేరు వెల్స్ ఉండాలి. ఇవి చాలామందికి తెలుసు. కార్ జన్యువు ఎక్కించని, అదే దాత టీ కణాలు కూడా ఉండాలన్నది మాత్రం మరిచిపోతారు. దాత వేరు, క్యాన్సర్ సెల్ లైన్ వేరు కాబట్టి మామూలు టీ కణాలు కూడా వాటిని పరాయివిగా గుర్తించి కొంత చంపుతాయి. ఆ వాటా తీసేయకుండా గొప్ప ఫలితం వచ్చిందంటే ఎవరూ నమ్మరు. ఒక్క దాతతో సరిపెట్టకండి, కనీసం ముగ్గురైనా ఉండాలి.

ఫ్లో సైటోమెట్రీలోనూ (కణాలకు మెరిసే రంగుల యాంటీబాడీలు అంటించి, లేజర్ ముందు ఒక్కొక్కటిగా పరీక్షించే పద్ధతి) ఇదే సూత్రం. చచ్చిన కణాలు యాంటీబాడీలను ఎడాపెడా అంటించుకుంటాయి కాబట్టి వాటిని గుర్తించే వయబిలిటీ డై తప్పనిసరి. కాంపెన్సేషన్ (ఒక రంగు వెలుగు మరోదానిలో కలిసిపోతే సరిదిద్దడం), ఎఫ్‌ఎంఓ (ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన నమూనా) కంట్రోళ్లు ఎందుకో నోటితో వివరించగలిగేలా తయారవండి. యంత్రం నడపడం అక్కడికెళ్లాకైనా వస్తుంది.

మనిషి రక్తంతో పని కాబట్టి హెపటైటిస్-బి టీకా ఇప్పుడే మొదలుపెట్టండి. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు పడాలి. కొన్ని ల్యాబుల్లో ఎలుకల పనీ ఉంటుంది. కణితిని కాలిపర్‌తో కొలిచి, పొడవును వెడల్పు వర్గంతో గుణించి రెండుతో భాగించడం, పరిమితి దాటితే ప్రాణిని నొప్పి లేకుండా చంపడం కూడా మీ పనే కావచ్చు. అది మీవల్ల కాదనుకుంటే ఇంటర్వ్యూలోనే చెప్పేయండి, తప్పేమీ లేదు.

రెజ్యూమెలో 'ఫ్లో సైటోమెట్రీ తెలుసు' అని రాయకండి. ఏ కణాలమీద, ఎన్ని రంగుల ప్యానెల్, అందులో మీరు ఒంటరిగా చేసిందేమిటి, ఇవి రాయండి.

పీహెచ్‌డీ విషయానికొస్తే, రెండేళ్ల అనుభవం బాగా పనికొస్తుంది. అంతకుమించి అదే హోదాలో ఉండిపోవడాన్ని నేను ప్రోత్సహించను. సెల్ థెరపీ తయారీ, క్వాలిటీ కంట్రోల్ వైపు వెళ్లాలన్నా ఈ నైపుణ్యాలే పునాది. చేరేముందు మాత్రం మూడు విషయాలు అడగండి: మొదటి మూడు నెలలు నేర్పేదెవరు, ప్రాజెక్టుకు నిధులు ఎప్పటివరకు ఉన్నాయి, పేపర్లో అసిస్టెంట్ పేరు ఏ లెక్కన వేస్తారు. మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న అసిస్టెంట్‌తో విడిగా మాట్లాడాకే ఒప్పుకోండి.