నిజాయితీగా చేరినవాడు కూడా ఆఫీసులో లంచాలకి ఎందుకు అలవాటు పడతాడు?

ఆశ ఒక్కటే కాదండీ, పక్క సీటువాళ్ళే పెద్ద కారణం. మా బావ వైజాగ్‌లో ఓ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరిన మొదటి వారమే సీనియర్ ఒకాయన రిజిస్టర్ మధ్యలో కవరు పెట్టి ఇచ్చి ఇది నీ వాటా బాబూ అన్నాడట, వద్దన్నాడు, అంతే మర్నాటి నుంచి టీకి పిలవడం మానేశారు, వీడు ఏసీబీకి చెప్పేస్తాడేమో అని గుసగుసలు. అసలు వాటా ఇచ్చేది ప్రేమతో కాదు, అందరి చేతికీ మసి అంటితే ఎవడూ నోరు విప్పడని. పైగా దానికి మామూలు అని పేరు, ఆ మాటతోనే తప్పు అన్న ఫీలింగ్ సగం పోతుంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం తీసుకుంటే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కానీ ఆ భయం కన్నా రోజూ ఎదురుగా కూర్చునే పదిమంది మొహాలే గట్టిగా పనిచేస్తాయి. బావ తీసుకోలేదు, ఏడాదికే శ్రీకాకుళం ట్రాన్స్‌ఫర్ చేశారు.