మాఈ అంటే నక్క కాదండీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే జీవి గురించి, అమెరికా ఆదివాసులైన నవహోల కథల్లోని కయోటి గురించి. మొదటిది మే నెలలోనే వచ్చింది. నేనే కావాలని చలి ముదిరేదాకా దాచాను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. రాసినావిడ ఈలోపు రెండుసార్లు గుర్తు చేశారు. సారీ అమ్మా.

ప్రశ్న: మేము అరిజోనాలో చాండ్లర్‌లో ఉంటాం. మా అమ్మాయి ఐదో తరగతి. స్కూల్లో నవహో జానపద కథల మీద ప్రాజెక్టు ఇస్తే, కయోటి బొమ్మ వేసి కింద "జిత్తులమారి నక్క, అందరినీ మోసం చేసి చివరికి తనే దెబ్బ తింటుంది" అని రాసింది. నిజానికి రాయించింది నేనే, మన పంచతంత్రంలో నక్కలాంటిదే కదా అనుకున్నాను. క్లాసులో ఒక నవహో పిల్లవాడు లేచి "తను అలాంటివాడు కాదు, అయినా ఈ కథలు ఇప్పుడు చెప్పకూడదు" అన్నాడట. అసలు ఈ కయోటి దేవుడా, దొంగా?

జవాబు: ఆ పిల్లవాడు చెప్పిన రెండు ముక్కలూ నిజమే. మీరు నక్క అనుకోవడంలో కూడా పెద్ద తప్పేం లేదు, ఎందుకంటే మనకి కయోటి లేదు. అది తోడేలుకీ నక్కకీ దగ్గరి చుట్టం. నవహోలు తమని తాము దినే అంటారు, కయోటికి వాళ్ల పేరు మాఈ. తోడేలుని "పెద్ద మాఈ" అంటారు, అంటే ఆ భాషలో కొలమానమే ఇది. మనకేమో నక్క అనగానే దమనకుడు గుర్తొస్తాడు, లేదంటే ద్రాక్షపళ్లు. మనమూ ఒక్క మాట మీద ఉన్నామా అంటే అదీ లేదు, "గుంటనక్క" అని తిట్టే నోటితోనే, ఎవరికైనా కలిసొస్తే "నక్కతోక తొక్కి వచ్చావా" అంటాం.

దేవుడా దొంగా అని అడిగారు. పుట్టుక చూస్తే చిన్నవాడు కాదు. అమెరికా సైన్యంలో డాక్టరుగా ఉండి నవహోల దగ్గర కథలు సేకరించిన వాషింగ్టన్ మాథ్యూస్ 1897లో అచ్చువేసిన కథనం ప్రకారం, ఒకసారి ఆకాశం కిందికి వంగింది, భూమి పైకి లేచింది, రెండూ తాకిన చోటు నుంచి ఇద్దరు బయటికి దూకారు: మాఈ, బ్యాడ్జర్ అనే బొరియల జంతువు. ఆకాశం బిడ్డలన్నమాట. సృష్టి పనులు జరిగేటప్పుడు పెద్దలందరితో పాటు మాఈ కూడా అక్కడే ఉంటాడు. పిలిచినా పిలవకపోయినా.

ఇక చేసిన పనులు చూడండి. కింది లోకంలో ఉండగా నీళ్లలో ఉండే మహాజీవి పిల్లని ఎత్తుకొచ్చి పైబట్టలో దాచేశాడు, దాని తల్లికి కోపం వచ్చి నీళ్లు పొంగించింది, జనమంతా ఒక పెద్ద రెల్లుగడ లోపలి నుంచి పైలోకానికి ఎక్కి పారిపోవాల్సి వచ్చింది, పైకి వచ్చాక కూడా నీళ్లు వెంటపడుతుంటే అప్పుడు వెతికి పట్టుకుని పిల్లని తిరిగి ఇప్పించారు. దొంగతనమే, కాదనను. కానీ ఆ దొంగతనం లేకపోతే జనం ఈ లోకానికి వచ్చేవాళ్లే కాదు కదా.

చుక్కల కథ ఇంకా బాగుంటుంది. అగ్నికి దేవుడైన నల్లదేవుడు ఆకాశంలో చుక్కల్ని ఒక్కొక్కటిగా, చాలా ఓపికగా, పేరుపెట్టి మరీ అమరుస్తున్నాడు. ఆయన కణత మీద ఉండేవి మన కృత్తికలే. మాఈకి అంత ఓపికెక్కడిది? సంచీ లాక్కుని ఒక్క విసురు విసిరాడు. ఆకాశంలో వరసా వావీ లేకుండా చెల్లాచెదురుగా కనిపించే పేరులేని చుక్కలన్నీ అవే. ఒక్కటి మాత్రం తన కోసం ఉంచుకుని దక్షిణాన పెట్టుకున్నాడు, దాన్ని మాఈ చుక్క అంటారు, అది కెనోపస్ అని చాలామంది గుర్తిస్తారు. కెనోపస్ అంటే ఎవరో కాదు, మన అగస్త్య నక్షత్రం! హైదరాబాద్‌లో చలికాలం రాత్రి దక్షిణం వైపు చూస్తే హాయిగా 20 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. నవహోల నేల మీద నుంచి అయితే దిగంతం పైన డిగ్రీ, డిగ్రీన్నర ఎత్తుకి అలా లేచి కాసేపటికే దిగిపోతుంది. దొంగచూపు చూసి పోయినట్టు.

కానీ మాఈ మీద అందరికీ కోపం తెప్పించిన పని ఇది కాదు. చావు. మాథ్యూస్ కథనంలోనే ఉంది. పైలోకానికి వచ్చాక తమ గతి ఏమిటో తెలుసుకోవాలని ఒకడు తోలు గీకే కర్రముక్క నీళ్లలో వేసి, తేలితే బతుకుతాం, మునిగితే పోతాం అన్నాడు. అది తేలింది, అందరూ సంబరపడ్డారు. అప్పుడు మాఈ వచ్చి, కాదు నేను చూస్తాను అని అదే మాట చెప్పి రాయి వేశాడు. రాయి తేలుతుందా? జనం తిట్టిపోశారు. దానికి మాఈ చెప్పిన జవాబు ఏమిటంటే, అందరూ బతికే ఉండి ఇలాగే పెరుగుతూ పోతే భూమి చాలదు, మొక్కజొన్న చేలకి చోటుండదు, కొన్నాళ్లుండి పిల్లలకి చోటిచ్చి వెళ్లడమే మేలు. జనం కాసేపు ఆలోచించి ఊరుకున్నారు.

ఇది చదివితే నాకు వెంటనే భారతంలో ధర్మరాజుకి చెప్పిన అకంపనుడి కథ గుర్తొచ్చింది. చావు లేక ప్రాణులు పెరిగిపోయి భూమి బరువు మోయలేకపోతే బ్రహ్మ మృత్యువుని పుట్టిస్తాడు, ఆవిడ ఈ పని నావల్ల కాదని ఏడుస్తుంది, ఆ కన్నీళ్లే రోగాలవుతాయి. అదే తర్కం. తేడా అల్లా, మన దగ్గర ఆ మాట బ్రహ్మ అన్నాడు కాబట్టి ఎవరూ తిట్టలేదు, అక్కడ అన్నది మాఈ కాబట్టి తిట్లు తిన్నాడు.

మీకు నక్క గుర్తొచ్చినట్టే నాకు మొదట నారదుడు గుర్తొచ్చాడు, కలహభోజనుడు కదా అని. కుదరదు. నారదుడు తంపులు పెట్టేటప్పుడే చివర లోకకళ్యాణం ఉందని ఆయనకి తెలుసు, వింటున్న మనకీ తెలుసు. మాఈ ఆకలితో చేస్తాడు, తొందరతో చేస్తాడు, ఒట్టి దురాశతోనూ చేస్తాడు, మధ్యలో ఎక్కడో ఎవరికీ తట్టని నిజం చెబుతాడు. తెనాలి రామలింగడు అసలే కాదు.

ఇక "ఇప్పుడు చెప్పకూడదు" అన్న సంగతి. ఈ కథలకి ఒక కాలం ఉంది. మొదటి మంచు పడ్డాక మొదలుపెట్టి వసంతంలో మొదటి ఉరుము వినిపించేలోపు ఆపేయాలి. పాములు, ఎలుగుబంట్లు, సాలెపురుగులు నిద్రపోయే కాలమది, కథల్లో వాటి పేర్లూ వస్తాయి కాబట్టి అవి మేలుకుని ఉన్నప్పుడు మాట్లాడకూడదని వాళ్ల నియమం. మీ ప్రాజెక్టు మే నెలలో. అదీ అమ్మా, మీ ఉత్తరం డిసెంబరు దాకా నా సొరుగులో ఉండిపోయిన కథ.

ప్రశ్న: గుంటూరు నుంచి, డిగ్రీ రెండో సంవత్సరం. యూట్యూబ్‌లో నవహో కయోటి అంటే రాత్రిపూట మనిషి జంతువుగా మారి తిరిగే స్కిన్‌వాకర్ అని చూపిస్తున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. వాళ్లు భయపడేది మనిషికి, చేతబడికి దిగిన మనిషికి. మాఈ వేరు. ఈ రెంటినీ కలిపి కుట్టింది వ్యూస్ కోసం వీడియోలు చేసేవాళ్లు. ఆ మంత్రగాళ్ల గురించి నవహోలు బయటివాళ్లతో మాట్లాడటానికి ఇష్టపడరు కాబట్టి నేనూ ఇంతకంటే రాయను. అది వాళ్లకి సరదా కబురు కాదు. 1878లో చేతబడి అనుమానంతో వాళ్లలో వాళ్లే చాలామందిని చంపుకున్నారు. బాణామతి పేరుతో మన ఊళ్లలో మనుషుల్ని ఏం చేశారో పేపర్లో చదివిన మనకి ఇది ఇంకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: కరీంనగర్ నుంచి, రిటైర్డ్ తెలుగు పండితుణ్ని. మా మనవడు పంపిన పుస్తకంలో ఈ కయోటి కథలు నాలుగైదు చదివాను. సృష్టి సంగతి సరే, ఆ పోకిరి కథల్లో నీతి ఎక్కడుంది? పిల్లలకి ఇవి ఎలా చెబుతారు?

జవాబు: మాస్టారూ, నాకూ మొదట అదే సందేహం. కళ్ల కథ తీసుకోండి. కొందరు తమ కళ్లు పీకి పైకి ఎగరేసి మళ్లీ గుంటల్లోకి పట్టుకునే ఆట ఆడుతుంటే మాఈ చూసి నాకూ నేర్పమని ప్రాణం తోడేస్తాడు. ఒకసారి కుదిరింది. చాలదే! మళ్లీ మళ్లీ ఎగరేస్తే కళ్లు చెట్టుకొమ్మకి తగులుకుని ఉండిపోయాయి. చివరికి దేవదారు బంకతో కళ్లు చేసి పెట్టారు, అందుకే కయోటి కళ్లు పసుపుపచ్చగా ఉంటాయట. మనమైతే కింద "అత్యాశ చేటు" అని ఒక వాక్యం రాసి గీత గీసేస్తాం. వాళ్ల కథలో ఆ ఆఖరి వాక్యం ఉండదు. వింటున్న పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు, నవ్విన ప్రతిచోటా అలా చేయకూడదని వాళ్లకి అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

దీని గురించి బాగా తెలిసిన సాక్ష్యం ఒకటుంది. బారీ టోల్కెన్ అనే జానపద పరిశోధకుడు 1950ల్లో కుర్రాడిగా యురేనియం వెతుక్కుంటూ యూటా దక్షిణాన తిరిగి, జబ్బుపడి, ఒక నవహో కుటుంబం చేతిలో బతికి బయటపడ్డాడు. ఆ బంధంతోనే తర్వాత ఎల్లోమన్ అనే పెద్దాయన చెప్పిన మాఈ కథలు ఏళ్ల తరబడి రికార్డు చేశాడు. ఇవి నవ్వు కోసం చెబుతారా అని అడిగితే ఎల్లోమన్, ఇందులో నవ్వొచ్చే సంగతులు చాలా ఉన్నాయి కానీ కథ నవ్వులాట కాదు, నా పిల్లలు వింటే మంచివాళ్లవుతారు, వినకపోతే చెడిపోతారు అన్నాడు. మరి మాఈ ఒకసారి మంచి, ఒకసారి తెలివితక్కువ, ఒకసారి ఘోరం ఎందుకు చేస్తాడు అంటే, అతను అవన్నీ చేయకపోతే లోకంలో అవి సాధ్యమే అయ్యేవి కావు అన్నాడు.

నాకు అర్థమైనంతలో అసలు కీలకం ఈ ఒక్క మాటలోనే ఉంది. మాఈ ఆదర్శమూ కాదు, హెచ్చరిక బోర్డూ కాదు. మనిషి ఏమేం చేయగలడో అన్నీ ముందే చేసి చూపించినవాడు. వాళ్ల వీరుడు, రాక్షసుల్ని చంపినవాడు, అతని కథలోనూ ఇదే ధోరణి ఉంది. రాక్షసులందర్నీ చంపుకుంటూ వచ్చి చివర్లో ఆకలి, పేదరికం, ముసలితనం, పేలు, వీటి దగ్గరికి వస్తాడు. ఒక్కొక్కటీ తను లేకపోతే ఏమవుతుందో చెబుతుంది (ఆకలి లేకపోతే తిండికి రుచేముంది, వేటకి వెళ్లేదెవరు?), అతను విని వదిలేస్తాడు. పేలని కూడా!

టోల్కెన్ గురించి ఇంకొక్కటి. ఎల్లోమన్ పోయాక, ఆ టేపుల్ని చనిపోయిన మనిషి గొంతు అని చూడకుండా, కాలం కాని కాలంలో ఎవరు పడితే వాళ్లు వింటారని బెంగపెట్టుకుని, 1990ల చివర్లో మొత్తం టేపులు ఎల్లోమన్ భార్యకి పంపేశాడు. వాటిని నాశనం చేస్తారని తెలిసే పంపాడు. తోటి పరిశోధకులు కొందరు లబోదిబోమన్నారు. తెలుగు పండితులు కాబట్టి తాళపత్రాలు గుర్తొచ్చి మీకూ ప్రాణం ఉసూరుమంటుందని తెలుసు. నాకు మాత్రం ఆయన చేసింది సరైన పనే అనిపిస్తుంది.

ప్రశ్న: డల్లాస్ నుంచి కారేసుకుని మాన్యుమెంట్ వ్యాలీ చూడ్డానికి వెళ్లాం. తెల్లవారుజామున మా జీపుకి అడ్డంగా కయోటి పరిగెత్తింది. మా నవహో గైడ్ బండి ఆపి, చిన్న సంచీలోంచి ఏదో పసుపు పొడి తీసి చల్లి, ఏదో గొణిగి, అప్పుడు పోనిచ్చాడు. మనకి పిల్లి ఎదురైనట్టా?

జవాబు: కొంత అంతే. మాఈ అడ్డం వస్తే వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు, మనం ఇంట్లోకొచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరినట్టు ఆగి ప్రార్థన చేసి వెళ్లేవాళ్లూ ఉన్నారు. మీరు చూసిన పసుపు పొడి మొక్కజొన్న పుప్పొడి, వాళ్లకి చాలా పవిత్రం. కానీ పిల్లికి మనం దండం పెట్టం కదా, తిట్టుకుంటాం. అక్కడ మాఈకి ఏదో తెలుసని, అది చెప్పడానికే దారిలోకి వచ్చాడని లెక్క. మాఈ పేరుతోనే తొమ్మిది రాత్రులు సాగే వైద్య క్రతువు కూడా ఒకటి ఉంది, జబ్బు తెచ్చేదీ అతనే, నయం చేసేదీ అతనే.

ఇంకొకటి చెబుతాను. 1864లో అమెరికా సైన్యం నవహోల చేలూ పండ్లతోటలూ తగలబెట్టి, ముసలీ ముతకా పసిపిల్లలతో సహా సుమారు 500 కిలోమీటర్లు నడిపించి న్యూ మెక్సికో తూర్పున బోస్కే రెడోండోలో పెట్టింది. 8,000 మందికి పైగా, నాలుగేళ్లు, ఉప్పునీళ్లు, పురుగుపట్టిన పంట. 1868లో జనరల్ షెర్మన్ వచ్చి ఇంకా దూరంగా ఓక్లహోమా వైపు పంపిస్తామంటే నాయకుడు బార్బోన్సీటో ఒప్పుకోలేదు. మా ఊరికే పోతాం అన్నాడు. జూన్ 1న సంతకాలయ్యాయి, సొంత నేలకి తిరిగి వెళ్లారు, ఇప్పుడు అరిజోనా, న్యూ మెక్సికో, యూటాల్లో కలిపి తెలంగాణలో సగానికి పైగా ఉండే నేల అది. పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. నవహో పెద్దలు చెప్పేదాంట్లో ఇంకో ముక్క ఉంది. ఆ మాటలు తేలకముందు జనమంతా పెద్ద వలయంగా నిలబడి మెల్లగా దగ్గరికి జరుగుతూ ఒక ఆడ కయోటిని మధ్యలో బిగించారట. బార్బోన్సీటో దాన్ని పట్టుకుని తెల్లని గవ్వపూస ఒకటి దాని నోట్లో పెట్టి వదిలి, అందరినీ పక్కకి తప్పుకోమన్నాడు. అది పరిగెత్తలేదు. తాపీగా పడమటికి, వాళ్ల ఊరి వైపు, నడుచుకుంటూ పోయింది.