మోకాలు నొప్పి అంటున్నాడా? తుంటి కూడా చూపించండి

ఆరేళ్ల బాబు రెండు నెలలుగా కుంటుతున్నాడు, మోకాలు నొప్పి అంటున్నాడు, మోకాలి ఎక్స్‌రే మాత్రం నార్మల్ వచ్చింది అని రాశారు. మా వాడిదీ అచ్చం ఇదే కథ. సాయంత్రం ఆడుకుని వచ్చాక ఎక్కువ కుంటేవాడు, పొద్దునకి తగ్గేది. ఎక్కడ నొప్పి అంటే మోకాలే చూపించేవాడు. మేం కూడా మూడు నెలలు మోకాలికే నూనె రాశాం. ఇప్పటికీ ఆ మూడు నెలలు తలచుకుంటే బాధగా ఉంటుంది.

చివరికి పిల్లల ఎముకల డాక్టర్ వాణ్ణి పడుకోబెట్టి కాలు పక్కకు చాపి, లోపలికి తిప్పి చూశారు. తిరగలేదు. జబ్బు తుంటిలో ఉంది. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాలు కొన్ని ఒకటే కావడంతో పిల్లలకి నొప్పి మోకాల్లో తెలుస్తుందట. దాని పేరు పెర్తీస్. తొడ ఎముక పైనుండే బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడుతుంది. ఎక్కువగా 4 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో వస్తుంది. ఎందుకొస్తుందో కచ్చితంగా తెలియదు కాబట్టి మీ పెంపకంలో తప్పేమీ వెతుక్కోకండి.

ఊరటేమిటంటే ఎముక మళ్లీ పెరుగుతుంది. కానీ 2 నుంచి 4 ఏళ్లు పడుతుంది. ఈలోగా మెత్తబడిన బంతి గుండ్రదనం పోకుండా చూసుకోవడమే వైద్యం. మా వాడికి రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, మధ్యలో కర్రతో ఆరు వారాలు పిండికట్టు వేశారు. ఆ కాళ్లతో ఆటో ఎక్కించలేక, బాత్రూమ్‌కి తీసుకెళ్లలేక నేనూ మా ఆయనా చాలా అవస్థపడ్డాం. తర్వాత గెంతడం, పరుగులు బంద్. ఈత మాత్రం కొట్టమన్నారు. కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది, అది వయసునీ బంతి ఎంత దెబ్బతిందనేదాన్నీ బట్టి.

రెండు తుంట్లకీ ఎక్స్‌రే తీయించండి. మొదట్లో అందులో కనపడకపోవచ్చు, అప్పుడు ఎమ్మారై అవసరమా అని డాక్టర్‌ని అడగండి. నాటు కట్లు, మర్దనలు వద్దు. కుంటుతో పాటు జ్వరం వచ్చినా, కాలు అసలు కింద పెట్టలేకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, అది కీలులో చీము కావచ్చు.

ఇవాళే బాబుని బాసింపట్టు వేసుకుని కూర్చోమనండి. తుంటి సరిగ్గా తిరగక మా వాడికి ఒక మోకాలు పైకి లేచే ఉండేది. బద్ధకం అనుకుని కసురుకున్నాను.