పాఠకుల ప్రశ్నలు: గాలి పట్టించింది, కాగితం విడిపించింది

ప్రశ్న: ఫ్రెంచి విప్లవకాలం మీద సీరియల్ రాస్తున్నాను. బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ ఒకడు పారిస్‌లో ఖైదీ. మా గూఢచారి అర్ధరాత్రి పడవ దిగి, పన్నెండు మందిని నరికి, అతన్ని తప్పిస్తాడు. చదివిన స్నేహితుడు ‘జరిగే పని కాదు’ అంటున్నాడు. ఇంకో రెండు పోరాటాలు పెడితే నమ్ముతారా?

జవాబు: ఇంకో రెండు ఎందుకు బాబూ, ఉన్నవే తీసెయ్యండి. మీ స్నేహితుడి మాట సగమే నిజం. బ్రిటిష్ కెప్టెన్‌ని పారిస్ జైలు నుంచి తప్పించడం నిజంగానే జరిగింది, కాకపోతే కత్తితో కాదు, కాగితంతో.

ఆయన సిడ్నీ స్మిత్. 1793 డిసెంబరులో బ్రిటిష్ వాళ్ళు ఫ్రాన్సులోని తులోన్ రేవు వదిలిపోతూ అక్కడున్న ఫ్రెంచి యుద్ధనౌకలని తగలబెట్టే పని ఈయనకి అప్పగించారు. ఫ్రెంచివాళ్ళు అది మర్చిపోలేదు. 1796 ఏప్రిల్‌లో లె హావ్ర్ దగ్గర ఈయన ఒక ఫ్రెంచి ఓడని పట్టుకున్నాడు. పట్టుకున్నంతసేపు పట్టలేదు, గాలి పడిపోయింది. తెరచాపలు వేలాడిపోయాయి. సముద్రం పోటు మీదుంది. ఆ నీరే ఓడని సెయిన్ నది లోపలికి, శత్రువుల చేతుల్లోకి ఈడ్చుకెళ్ళింది. మామూలు యుద్ధఖైదీ అయితే మార్పిడిలో ఇంటికి పోయేవాడే. ఈయన్ని మాత్రం నిప్పు పెట్టినవాడిగా, గూఢచారిగా లెక్కగట్టి టెంపుల్ జైల్లో పెట్టారు. ఫ్రాన్సు రాజు పదహారో లూయీని ఉంచిన జైలే అది.

రెండేళ్ళు గడిచాయి. 1798లో రాజు పక్షం వాళ్ళు కొందరు రిపబ్లిక్ అధికారుల వేషంలో వచ్చి, ఖైదీని వేరే జైలుకి మార్చమనే దొంగ ఉత్తర్వు చూపించారు. జైలువాళ్ళు అప్పగించారు! అక్కణ్ణుంచి తీరానికి, చేపల పడవలో సముద్రం మీదికి, అక్కడ బ్రిటిష్ యుద్ధనౌక. తప్పించినవాళ్ళలో ఫెలిపో అనే ఆయన నెపోలియన్‌తో కలిసి సైనిక పాఠశాలలో చదువుకున్నాడు. మరుసటి ఏడాది పాలస్తీనా తీరాన ఆక్ర కోట దగ్గర నెపోలియన్‌ని అడ్డుకున్నవాళ్ళలో స్మిత్, ఫెలిపో ఇద్దరూ ఉన్నారు. ఇలాంటిది మీరు కల్పించి రాస్తే నేనే ‘మరీ అతి’ అని మార్జిన్‌లో రాసేదాన్ని.

అంచేత మీ అసలు ఘట్టం జైలు కార్యాలయంలో ఉంది. ఉత్తర్వు చదువుతున్న గుమాస్తా కళ్ళు ఏ వరస దగ్గర ఆగాయి? ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దినదాన్ని కదా, నా చూపు ముందు తేదీ మీదికే పోతుంది. 1793 చివరి నుంచి ఫ్రాన్సులో కొత్త క్యాలెండరు. నెలకి ముప్పై రోజులు, వారం స్థానంలో పది రోజుల గడువు. 1794 జులై 27 అంటే అక్కడ రెండో ఏడాది తెర్మిదోర్ నెల 9. దొంగ ఉత్తర్వు రాసినవాడు అలవాటు కొద్దీ పాత తేదీ వేశాడా, పని అయిపోయినట్టే. ‘ఈరోజు ఆదివారం కదా’ అని నోరుజారినా అంతే.

పలకరింపు సంగతి కూడా చూడండి. 1793-94 నాటి వీర విప్లవవాదులు ‘మీరు’ని పెద్దమనుషుల భాష అని తోసేసి అందరినీ ‘నువ్వు’ అనేవారు. ‘అయ్యగారు’ పోయి ‘పౌరుడా’ వచ్చింది. మనకి ఈ తేడా పుట్టుకతో తెలుసు. ఇంగ్లీషులో రాసేవాడు ఇక్కడ తంటాలు పడాలి, మీరు పడక్కర్లేదు. గూఢచారి చేత భయంలో ఒక్క ‘మీరు’ అనిపించి చూడండి, టెన్షన్ దానంతటదే వస్తుంది.

ఇక గాలి. నేను ప్రూఫు చూసిన ఒక సీరియల్‌లో ‘ఎదురుగాలిని చీల్చుకుంటూ ఓడ బాణంలా దూసుకుపోయింది’ అని అచ్చయింది. అక్షరం తప్పు లేదు, ఓడే తప్పు. తెరచాప ఓడ ఎదురుగాలికి సూటిగా పోలేదు, అటొక వాలు ఇటొక వాలుగా మెలికలు తిరగాలి. ఒక పాఠకుడు కార్డు రాసి నన్ను కడిగేశాడు. 1796 డిసెంబరులో ఐర్లండు తిరుగుబాటుకి సాయంగా దాదాపు పదిహేను వేల సైన్యంతో బ్రెస్ట్ నుంచి బయల్దేరిన ఫ్రెంచి ఓడల్లో చాలావరకు ఐర్లండు తీరంలోని బాంట్రీ అఖాతం దాకా చేరాయి. తీరం కనిపిస్తూనే ఉంది. గాలివానకి సైన్యాన్ని దింపలేక వెనక్కి తిరిగాయి. కాబట్టి ప్రతి అధ్యాయంలో గాలి ఏ దిక్కునుంచో ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న: ఓడ లొంగిపోతుంటే రహస్య సంకేతాల పుస్తకం ఏం చేసేవారు?

జవాబు: సముద్రంలోకి విసిరేసేవారు. తేలకుండా మునిగిపోవాలని దానికి ముందే సీసం బరువు కట్టి ఉంచేవారు. కాల్చడానికి టైం ఎక్కడిది!

ప్రశ్న: శత్రువు జెండా ఎగరేసి దగ్గరికి పోవడం మోసం కాదా?

జవాబు: ఆ కాలపు రివాజులో కాదు. కాల్పులకి ముందు మాత్రం దాన్ని దించి సొంత జెండా ఎత్తాలి. ఏ జెండా దించారో చూసి రాయండి. 1790 నుంచి ఫ్రెంచి యుద్ధనౌకలది తెల్లజెండా, మూలన మాత్రమే మూడు రంగులు. నిలువు పట్టీల జెండా 1794లో వచ్చింది. మీ సీరియల్‌కి బొమ్మలు వేసేవారికి కూడా ఈ మాట చెప్పండి.