ఆర్డర్లపై బతికే లోహశిల్పి సొంత శిల్పాల వైపు ఎలా మళ్లగలడు?

గుడి పనులు, జ్ఞాపికలు చేసే లోహశిల్పి తనదైన శిల్పం మొదలుపెట్టాలంటే ఆర్డర్లు మానుకోవాలా అని మీరు అడిగారు. మానుకోనక్కరలేదని నా అభిప్రాయం. నేను జనగామ దగ్గరి పెంబర్తి గ్రామపు పద్ధతిలో ఇత్తడి రేకు పని నేర్చుకొని హనుమకొండలో చిన్న కార్ఖానా నడుపుతున్నాను. నా సొంత పని ఆ ఆర్డర్లలోంచే పుట్టింది.

ఆర్డరు పనిలో కొలత మనది కాదు. ధ్వజస్తంభం తొడుగైనా, మకరతోరణమైనా, విగ్రహానికి తొడిగే కవచమైనా స్థపతి (గుడి నిర్మాణ శిల్పి) ఇచ్చిన గీతను దాటడానికి వీలుండదు. అది పూజలో ఉండే వస్తువు కాబట్టి దాటకూడదు కూడా. జ్ఞాపికలకు శాస్త్రం అడ్డు రాదు గానీ, ఓరుగల్లు కోట తోరణాన్ని అడిగినన్ని, అన్నీ ఒకే తీరుగా చేసివ్వాలి. (తోరణం కన్నా పేరు పలకే పెద్దగా ఉండాలనేవారూ ఉంటారు.)

రేకును లక్క మీద పరచి, వెనుక నుంచి ఉలితో కొట్టి ఉబ్బెత్తు తెచ్చి, తిప్పి ముందు వైపు గీతలు తేలుస్తాం. దెబ్బలు పడేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది కనుక నడుమ నడుమ లక్క నుంచి విడదీసి, కాల్చి మెత్తబరచకపోతే పగులుతుంది. ఇంత పనికీ సాక్ష్యం రేకు వెనుక వైపునే ఉంటుంది. చెక్కకు బిగించగానే అది కనుమరుగవుతుంది. ఒకసారి మరమ్మతుకు వచ్చిన దేవుడి ఊరేగింపు వాహనం పాత తొడుగు విప్పినప్పుడు నాకు తట్టినదేమిటంటే, ముందు వైపు ఎవరు చేసినా దాదాపు ఒకేలా ఉంటుంది గానీ వెనుక మాత్రం ఎవరి చెయ్యి వారిదే. నా మొదటి సొంత శిల్పం రెండు వైపులా కనబడేలా నిలబెట్టిన రేకు. చింతపండుతో తోమలేదు, మెరుగు పెట్టలేదు, మంట మచ్చలు అలాగే ఉంచాను. ఇంట్లో పెద్దలు పని సగంలో ఆపేశానని అనుకున్నారు.

2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రా పని (మైనపు అచ్చుతో ఇత్తడి పోత పోసే కళ) నాకు ఈ విషయంలో ధైర్యమిచ్చింది. ఆ పని చేసే ఓజా కళాకారులు మట్టి మీద చుట్టిన మైనపు తీగల వరుసలు పోత పోశాక కూడా ఇత్తడిపై స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని ఎవరూ లోపంగా చూడరు.

ఇక సమయం, డబ్బు. ఆషాఢంలోనూ మూఢంలోనూ ప్రతిష్ఠలు ఉండవు కనుక గుడి పని పలచబడుతుంది. నా శిల్పాలు ఎక్కువగా ఆ రోజుల్లోనే తయారయ్యాయి. ఆర్డరుకైతే బయానా వస్తుంది, రేకు అందులోనే కొంటాం; సొంత పనికి ఆ వెసులుబాటు లేదు కాబట్టి మిగిలిన ముక్కలను తుక్కుకు వేయకుండా అతికి, ఆ అతుకులను దాచకుండా వాడాను. అయితే లోహం గుడివారే ఇచ్చినప్పుడు ముక్కలు సైతం తూకం వేసి తిరిగి అప్పగించాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

ధర దగ్గర మాత్రం రెండు పనులనూ కలపకండి. ఆర్డరుకు కిలో లెక్క చెప్పండి, సొంత శిల్పానికి తూకం మాటే ఎత్తకండి. ఇప్పటికీ నా శిల్పం చూసి "కిలో ఎంత?" అని అడిగేవారున్నారు, వారికి జ్ఞాపికల అర చూపిస్తాను.