విచారణ బస్సు కంపెనీ మీద, కోత మీ జీతంలో

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. మొన్న సెప్టెంబరులో ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలోని ఒక పట్టణానికి ఎంఎస్సీ చదవడానికి వచ్చాను. వారానికి 20 గంటలు ఒక కేర్‌హోమ్‌లో పని చేస్తున్నాను. నేను ఎక్కే బస్సు వేళకు వచ్చిన రోజు లేదు. ఆలస్యంగా వస్తున్నానని మేనేజరు ఇప్పటికి రెండుసార్లు హెచ్చరించారు. ఆ బస్సు కంపెనీ మీద ట్రాఫిక్ కమిషనర్ విచారణ జరుగుతోందని స్థానిక పత్రికలో చదివాను. ఇక బస్సులు బాగుపడతాయా? ఏడాది పాస్ ఒకేసారి కొంటే చవకగా వస్తోంది, కొనవచ్చా? నేను పోగొట్టుకున్న జీతం కంపెనీ ఇస్తుందా?

జవాబు: ముందుగా మీ మూడు ప్రశ్నలకూ సూటిగా సమాధానం చెబుతాను. బస్సులు బాగుపడవచ్చు కానీ మీ చదువు పూర్తయ్యేలోగా ఆ ఫలితం మీకు అందుతుందని నమ్మి కూర్చోవద్దు. ఏడాది పాస్ కొనవద్దు. పోయిన జీతం తిరిగి వస్తుందన్న ఆశ ఈరోజే వదులుకోండి. కొత్తగా వచ్చినవారికి ఇది కటువుగా వినిపిస్తుందని నాకు తెలుసు. ఇదే సంగతి 2009లో నాకు ఎవరైనా ఇంత సూటిగా చెప్పి ఉంటే, మా నాన్నగారు పొలం మీద తెచ్చిన అప్పులో కొంతైనా ముందుగా తీరేది.

నేను ఒంగోలు నుంచి వచ్చాను. మా ఊళ్ళో బస్సు అంటే ఆర్టీసీ, ఆర్టీసీ అంటే ప్రభుత్వం. బస్సు రాకపోతే బస్టాండులో కంట్రోలర్ గది ముందుకు వెళ్ళి నలుగురం గట్టిగా అడిగితే ఏదో ఒక సమాధానం దొరికేది. ఆ అలవాటుతోనే ఇక్కడ కూడా బస్సు ప్రభుత్వానిదే అనుకున్నాను. పట్టణ కౌన్సిల్ కార్యాలయానికి వెళ్ళి వరుసలో నిలబడి ఫిర్యాదు చెబితే, కౌంటర్ దగ్గరి ఆవిడ ఎంతో మర్యాదగా, ఆ బస్సులు ప్రైవేటు కంపెనీవని, తమకు వాటి మీద అధికారం లేదని చెప్పి పంపించింది. 1985 నాటి రవాణా చట్టం ప్రకారం, 1986 అక్టోబరు 26 నుంచి లండన్ బయట బస్సులు నడపడాన్ని మార్కెట్టుకు వదిలేశారు. లైసెన్సు ఉన్న కంపెనీ తనకు లాభం ఉందనుకున్న దారిలో సర్వీసు నమోదు చేసుకుని నడుపుకోవచ్చు. ఆ నమోదు చేసిన టైంటేబుల్‌కు కంపెనీ కట్టుబడి ఉందో లేదో చూసేవారే మీరు పత్రికలో చదివిన ట్రాఫిక్ కమిషనర్. ఈ చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మీరు రెండు నెలల్లోనే ఆ పేరు దాకా వచ్చారు కనుక నా కంటే నయమే. కానీ పేరు తెలిసినంత మాత్రాన పని జరుగుతుందని అనుకోకండి.

అప్పుడు నేను ఊరి చివర ఒక గోదాములో, అవసరమైనప్పుడు పిలిచి పనికి పంపే ఏజెన్సీ ద్వారా సాయంత్రం షిఫ్టు చేసేవాణ్ణి. గంటకు కనీస వేతనం 5.80 పౌండ్లు. పౌండు 70 రూపాయల పైచిలుకు ఉన్న రోజులవి. గేటు దగ్గర కార్డు చూపించిన సమయాన్ని పావుగంటల లెక్కన కోసేవారు. మూడు నిమిషాలు ఆలస్యమైతే పావుగంట జీతం పోతుంది, పదిహేడు నిమిషాలైతే అరగంట జీతం పోతుంది. అంటే 2.90 పౌండ్లు, అప్పటి మన లెక్కలో 200 రూపాయలు. ఒక రోజు 200 రూపాయలు పెద్ద మొత్తం కాదని మొదట సరిపెట్టుకున్నాను. వారానికి మూడు రోజులు అలా జరుగుతోందని, నెల తిరిగేసరికి నేను ఇంటి అద్దెలో వేసుకోవలసిన డబ్బులో 30 పౌండ్లకు పైగా బస్టాపులోనే పోతున్నాయని జీతం చీటీలు నాలుగు వరుసగా పెట్టి చూసుకున్న రాత్రి గానీ అర్థం కాలేదు.

కోత తప్పించుకోవడానికి టాక్సీ ఎక్కడం మొదలుపెట్టాను. ఇది నేను చేసిన పొరపాట్లలో అన్నిటికంటే ఖరీదైనది కనుక శ్రద్ధగా చదవండి. నాలుగు గంటల షిఫ్టుకు నాకు వచ్చేది 23.20 పౌండ్లు. టాక్సీకి 9 పౌండ్లు ఇచ్చేవాణ్ణి. అరగంట జీతాన్ని కాపాడుకోవడానికి గంటన్నర జీతాన్ని ఇచ్చేస్తున్నానని ఆ కంగారులో తోచలేదు, ఎందుకంటే మనసులో ఉన్నది డబ్బు లెక్క కాదు, ఉద్యోగం పోతుందన్న భయం. ఆ భయం మీ ఉత్తరంలోనూ కనిపిస్తోంది. భయపడినప్పుడు మనవాళ్ళు ఖర్చు చేస్తారు. నేను ఈ దేశంలో ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, కొత్తగా వచ్చిన పిల్లల చేతిలోని డబ్బు విలాసాలకు పోయిన దానికంటే ఇలా భయానికి పోయిందే ఎక్కువ.

రెండో పొరపాటు పాస్. గుంటూరు మిత్రుడి దగ్గర చేబదులు తీసుకుని మూడు నెలల పాస్ ఒకేసారి కొన్నాను. అయిదు వారాలు తిరగకుండానే కంపెనీ దారి మార్చింది. నా గోదాము ముందు ఆగే బస్సు అరమైలు అవతలి పెద్ద రోడ్డు మీదుగా వెళ్ళడం మొదలైంది. పాస్ డబ్బు వెనక్కి అడిగితే, సర్వీసు ఆగిపోలేదు, మారింది మాత్రమే అన్నారు. ముందుగా ప్రకటించి మార్చే హక్కు కంపెనీకి ఉంది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థకు 28 రోజులు, ఆ తరువాత ట్రాఫిక్ కమిషనర్‌కు 42 రోజులు, మొత్తం 70 రోజుల ముందు తెలియజేయాలి. ఈ నియమాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, మీరే చూసుకోవచ్చు. మీరు కొనే పాస్ గడువు 70 రోజులకు మించి ఉంటే, ఆ పాస్ చెల్లుబాటులో ఉండగానే మీ బస్సు మారిపోవచ్చునన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మూడోది, ఫిర్యాదు రాసిన తీరు. నేను కంపెనీకి రెండు పేజీల ఉత్తరం రాశాను. అందులో నా చలి, నా ఆకలి, మా ఇంటి పరిస్థితి అన్నీ ఉన్నాయి గానీ ఒక్క తేదీ లేదు, ఒక్క బస్టాపు పేరు లేదు. క్షమాపణ చెబుతూ ఒక ముద్రిత ఉత్తరమూ ఒక రోజు ఉచిత టికెట్టూ వచ్చాయి. అంతకు ముందు ఒకసారి డ్రైవరు మీద అరిచాను కూడా. ఆయన చేతిలో ఏమీ లేదని తరువాత తెలిసింది.

ఈ తెలివి నాకు వచ్చింది గోదాములో నాతో పనిచేసిన ఒక పంజాబీ పెద్దాయన వల్ల. ఆయన అంతకు ముందు పదేళ్ళకు పైగా బస్సు నడిపారు. టైంటేబుల్ కాగితం తెప్పించి, అందులో కొన్ని బస్టాపులకే సమయాలు వేసి ఉన్నాయని, వాటిని టైమింగ్ పాయింట్లు అంటారని, బస్సు ముందుగా వచ్చేస్తే డ్రైవరు ఆగి వేళ అయ్యేదాకా ఉండవలసింది అక్కడేనని వేలు పెట్టి చూపించారు. ట్రాఫిక్ కమిషనర్లు చూసేదీ ఆ చోట్లలోనే. చెప్పిన వేళకు ఒక నిమిషం ముందు నుంచి 5 నిమిషాల 59 సెకన్ల ఆలస్యం వరకు వచ్చిన బస్సును వేళకు వచ్చినట్టే లెక్కిస్తారు, నూటికి 95 సర్వీసులు ఆ హద్దులో ఉండాలని ఆశిస్తారు. నేను రోజూ నిలబడే బస్టాపు రెండు టైమింగ్ పాయింట్ల నడుమ ఉంది. అంటే నేను గోడ మీద చదువుకుంటున్న సమయం ఒక అంచనా మాత్రమే. ఆ రోజు నుంచి ఏడు నిమిషాలు నడిచి వెనకటి టైమింగ్ పాయింటు దగ్గరే ఎక్కడం మొదలుపెట్టాను. కళ్ళ ముందు నుంచి ముందుగా వెళ్ళిపోయే బస్సుల బెడద దానితో తీరింది. ఆలస్యం మాత్రం తీరలేదు.

అప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టాను. తేదీ, సర్వీసు నంబరు, బస్టాపు, రావలసిన వేళ, వచ్చిన వేళ, ఆ రోజు జీతంలో కోత ఎంత. ఆరు వారాల్లో సగానికి పైగా ప్రయాణాలు ఆ హద్దు దాటాయి. దాని ప్రతులు కంపెనీకి, కౌన్సిల్‌కు, ట్రాఫిక్ కమిషనర్ కార్యాలయానికి పంపించాను. నా కాగితాల వల్లనే అని చెప్పను కానీ, మరుసటి ఏడాది ఆ కంపెనీని విచారణకు పిలిచారు. ఆ విచారణలు బహిరంగంగా జరుగుతాయి, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. నేను వెళ్ళాను. కోర్టు గదిలాంటి చిన్న గది. తనిఖీ అధికారులు రోడ్డు పక్కన నిలబడి రాసుకున్న లెక్కలు చదివారు. అవి నా నోటు పుస్తకంలోని వాటిలాగే ఉన్నాయి. కంపెనీ న్యాయవాది ట్రాఫిక్ రద్దీ గురించి, రోడ్డు మరమ్మతుల గురించి చెప్పారు. రోజూ ఉండే రద్దీ కంపెనీకి ముందే తెలుసు కదా, దాన్ని లెక్కలో వేసుకునే టైంటేబుల్ తయారు చేయాలి కదా అన్న దగ్గరే వాదన ఆగిపోయింది. ఊహించలేని అడ్డంకి మాత్రమే సరైన కారణంగా నిలుస్తుంది.

జరిమానా పడింది. చట్టం ప్రకారం లైసెన్సులో ఉన్న ఒక్కో బస్సుకు 550 పౌండ్ల వరకు వేయవచ్చు, 40 బస్సుల కంపెనీ అయితే గరిష్ఠంగా 22,000 పౌండ్లు. జరిమానాకు బదులుగా గానీ దానితో పాటు గానీ, ప్రయాణికులకు పరిహారం ఇమ్మనో, సర్వీసుల మెరుగుదలకు ఖర్చు పెట్టమనో ఆదేశించే వీలు కూడా ఉంది, కానీ నా విషయంలో అలాంటిదేమీ జరగలేదు. నా నోటు పుస్తకంలో చివరి గడిలో కూడిన మొత్తం అలాగే ఉండిపోయింది.

ఆ తరువాత ఏం జరిగిందో వినండి, మీ ప్రశ్నకు అసలు సమాధానం అక్కడే ఉంది. కంపెనీ కొత్త టైంటేబుల్ నమోదు చేసింది. 24 నిమిషాల ప్రయాణాన్ని 33 నిమిషాలుగా రాసింది. అదే బస్సు, అదే దారి, అదే వేగం, కాగితం మీద మాత్రం వేళకు వస్తోంది. అన్నే బస్సులతో అంత నిదానపు టైంటేబుల్ నడపాలంటే ట్రిప్పులు తగ్గాలి కనుక రాత్రి చివరి సర్వీసు తీసేశారు. షిఫ్టు ముగిశాక నేను నాలుగు మైళ్ళు నడిచి ఇంటికి వెళ్ళిన శీతాకాలం అది. నిబంధన అమలు కావడం మంచిదే, వేళకు రాని కంపెనీని నిలదీసే అధికారి ఉండవలసిందే. కాకపోతే వేళ పాటించే బస్సు, మీ పనివేళకు అందే బస్సు వేరు వేరు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. కనీస వేతనం గంటకు 12 పౌండ్లు దాటింది. వారానికి రెండుసార్లు అరగంట చొప్పున పోతే 12 పౌండ్లు, 30 వారాల్లో 360 పౌండ్లు. మన డబ్బుల్లో నలభై వేల రూపాయలకు తక్కువ కాదు. ఇది టికెట్టు ధర కంటే ముందు చూసుకోవలసిన ఖర్చు. ఇంగ్లండ్‌లో, పథకంలో చేరిన కంపెనీల బస్సుల్లో, ఒక్క ప్రయాణానికి 2025 జనవరి నుంచి గరిష్ఠంగా 3 పౌండ్లే కనుక, వారానికి మూడు నాలుగు రోజులు పనికి వెళ్ళేవారికి పెద్ద పాస్ వల్ల మిగిలేది చాలాసార్లు ఏమీ ఉండదు. మీరు వెళ్ళే రోజులు లెక్కపెట్టి, వారం పాస్‌తోనో విడి టికెట్టుతోనో పోల్చి చూడండి. కొంటే నాలుగు వారాలకు మించి కొనవద్దు.

మీ మేనేజరుతో ఈ వారమే మాట్లాడండి. మనవాళ్ళు పైవారికి ఎదురుచెప్పినట్టు అవుతుందని మౌనంగా ఉంటారు, నేనూ అలాగే ఉండి ఏజెన్సీ పిలుపులు పోగొట్టుకున్నాను. టైంటేబుల్, రెండు వారాల నోటు పుస్తకం చేతిలో పెట్టుకుని, షిఫ్టు పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టి పావుగంట ఆలస్యంగా ముగించడానికి వీలవుతుందేమో అడగండి. కుదరకపోతే ఒక బస్సు ముందుగా వెళ్ళండి. ఆ అరగంట కేర్‌హోమ్‌లో కూర్చుని చదువుకుంటే ఏమీ పోదు. సెకండ్‌హ్యాండ్ కారు ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. మన భారతీయ లైసెన్సు ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలలు చెల్లుతుంది గానీ, దానితో అడిగితే చెప్పే ఇన్సూరెన్సు ధర విన్నాక ఆ ఆలోచన దానంతట అదే పోతుంది.

మాంచెస్టర్ ప్రాంతంలో ఉన్న మన పిల్లలు ఇది చదివితే, 2025 జనవరి 5 నాటికి అక్కడి బస్సులన్నీ బీ నెట్‌వర్క్ పేరుతో ప్రాంతీయ పాలనా వ్యవస్థ అధీనంలోకి వచ్చాయి కనుక ఫిర్యాదు కూడా అక్కడికే పంపాలి. లండన్ పద్ధతి మొదటి నుంచీ వేరు. మీ పట్టణంలో మాత్రం ముందు కంపెనీకే రాయాలి. తేదీలు, వేళలు, బస్టాపుల పేర్లు మాత్రమే రాయండి. విచారణ తేదీ ఎప్పుడో తెలిస్తే ఆ లోగానే దాని నకలు ఒకటి ట్రాఫిక్ కమిషనర్ కార్యాలయానికీ పంపండి. విచారణ ముగిశాక కంపెనీ కొత్త టైంటేబుల్ ప్రకటిస్తే, మొదట చివరి బస్సు వరుస చూడండి. మీ షిఫ్టు ముగిసే వేళకు అక్కడ బస్సు లేకపోతే, పనికి నడిచి వెళ్ళగల దూరంలో గది వెతకడం ఆరోజే మొదలుపెట్టండి. అద్దె నెలకు 40 పౌండ్లు ఎక్కువైనా, పైన వేసిన లెక్కతో పోల్చి చూశాకే కాదనండి.